తెర మీద నిలవని బొమ్మలు

ఫిబ్రవరి 17, సోమవారం

మళ్ళీ మొదలుపెట్టాను. పాత నోట్‌బుక్కే, మధ్యలో ఏడు నెలలు ఖాళీ. ఇదివరకు రాయడం అవగానే దీన్ని బీరువాలో చీరల కింద దాచేదాన్ని, ఆయన చదివి ఆటపట్టిస్తారని. ఇవాళ భోజనాల బల్ల మీదే వదిలేసి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆయన దీని పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్నారు. తెరిచి ఉన్న పేజీ వంక చూసి, "ఇది నీ రాతేనా? చీమలు పాకినట్టుంది" అన్నారు. నవ్వాను. ఏం చెయ్యను మరి.

జనవరి తొమ్మిదిన ఆయనకి తల వెనక భాగంలో రక్తం గడ్డ కట్టింది. మాట పోలేదు. కాలూ చెయ్యీ పోలేదు. కుడి పక్క చూపు కొంచెం తగ్గింది. చదవడం పోయింది. రాయమంటే రాస్తారు. తన పేరు, నా పేరు, నాకు తలా తోకా తెలియని ఆ కంప్యూటర్ కోడ్, అన్నీ చకచకా రాసేస్తారు. తను రాసిందే చదవమంటే తెల్లమొహం వేస్తారు. తెలుగూ పోయింది, ఇంగ్లీషూ పోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ, కళ్ళు బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది, రెంటికీ మధ్య దారి తెగింది అని చెప్పింది.

తెలిసిన సంగతే మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, ఎవరికీ చెప్పలేదు కనక. తెనాలిలో అమ్మకి కూడా "కొంచెం నీరసం" అనే చెప్పాను. ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

మధ్యాహ్నం సర్వేశ్ ఫోన్ చేశాడు. ఆయన మేనేజరు, వయసులో ఆయనకంటే పదేళ్ళు చిన్న. ఇక్కడే పుట్టిన తెలుగువాళ్ళబ్బాయి. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడుముకుంటాడు, ఇక్కడి వాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తాడు. "అక్కా, సెలవు ఇంక పొడిగించరు లా. ఏప్రిల్ ఎయిట్, మంగళవారం, హెచ్.ఆర్. వీడియో కాల్ పెడతారు. అన్న సొంతంగా సైట్లు ఓపెన్ సేసి, పని సేసి సూపిస్తే సాలు. అన్న కళ్ళు ఇప్పుడు ఓకే కదా?" అన్నాడు.

ఓకే అన్నాను. కళ్ళు ఓకేనే కదా, అబద్ధమేముంది.

ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది. పాస్ పోతే పెట్టెలు సర్దుకోవడమే. పన్నెండేళ్ళయింది దేశం వదిలి ఈ సైబర్‌జయకి వచ్చి. వెళ్ళి ఏం చేస్తాం? చదవడం రాని సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? యాభై రోజులుంది. నేను చూసుకుంటాను.

ఫిబ్రవరి 19, బుధవారం

చేశాను! ఎనిమిదేళ్ళు తెనాలిలో ప్రెస్సులో పెళ్ళికార్డులు వేసినదాన్ని, అయిదు చిన్న బొమ్మలు వెయ్యలేనా.

ఆయనకి రోజూ కావలసినవి అయిదు సైట్లు. అయిదింటికీ కంప్యూటర్ తెర మీద షార్ట్‌కట్లున్నాయి. కానీ అయిదింటికీ ఆ కంపెనీదే ఒకటే నీలం సుడి గుర్తు. కింద ఉన్న పేరు చదివితేనే ఏది ఏదో తెలిసేది. చదవలేని మనిషికి అయిదూ ఒకటే. అందుకని గుర్తులు మార్చేశాను. హాజరుకి బడిగంట. మెయిల్‌కి ఎర్ర పోస్టు డబ్బా. చెయ్యాల్సిన పనులకి దండెం మీద ఆరేసిన చొక్కాలు. మీటింగుకి నురగ తేలిన తేతారిక్ టీ గ్లాసు. సెలవు చీటీకి రైలు. అన్నీ ఎడమ పక్కనే పెట్టాను, ఆయన చూపు అటు బాగుంటుంది కనక. సైటు తెరిచాక లోపలున్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రాం కంప్యూటర్లో ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

పది నిమిషాల్లో పట్టేశారు. గంట అంటే గంట, రైలు అంటే రైలు. "అంగన్‌వాడీలో చేరినట్టుంది మధూ" అన్నారు. ఎంత బాగా నవ్వించారో. ఇన్ని రోజుల తరవాత ఇంట్లో నవ్వు వినబడింది.

ఫిబ్రవరి 20

బొమ్మలు పోయాయి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నా తప్పే. బొమ్మల ఫైళ్ళని డౌన్‌లోడ్స్‌లోనే ఉంచాను. కంప్యూటర్ తనంతట తనే ఊడ్చి పారేసింది. ఈసారి విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, దానికి "మా వారి బొమ్మలు" అని చక్కగా తెలుగులో పేరు పెట్టి, అందులో దాచాను.

ఫిబ్రవరి 24, సోమవారం

మళ్ళీ పోయాయి. అయిదుకి అయిదూ నీలం సుళ్ళు. నాకు ఏడుపొచ్చింది.

అదే సమయానికి గుణవతక్క వచ్చింది. ఈ దేశంలోనే సుంగై పెటానిలో పుట్టి కజాంగ్‌లో స్థిరపడిన మనిషి. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటలో పనికి వచ్చాడట. ఆస్పత్రిలో ఇలాంటి రోగులకి చదువు నేర్పి రిటైరయింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు మా ఇంటికి వస్తోంది. అక్షరాన్ని చూసి పోల్చుకోలేకపోయినా, వేలితో దిద్దితే చెయ్యి గుర్తుపడుతుందని ఆవిడ పద్ధతి. మోకాలి మీద చూపుడు వేలితో గీయించి, అదేమిటో చెప్పమంటుంది. నిమిషానికొక అక్షరం వస్తుంది. అదీ వస్తే.

బొమ్మల సంగతి చెప్పాను. నా ఫోన్‌లో ఫొటో చూసి, "ఏటమ్మా, ఇయ్యన్నీ నువ్వే సేసినావేటి? ముచ్చటగున్నాయి. గానీ బొమ్మ కనిపిత్తంటే అచ్చరం మీదకి సూపు ఎందుకెల్తాది? అచ్చరాలు ఎప్పుడు సూత్తాడు తమ్ముడు?" అంది.

"ఏప్రిల్ ఎనిమిది తరవాత చూస్తారక్కా" అన్నాను.

"పెలాన్ పెలాన్ లా. మెల్లగా అవుతాది. ఒక ఏడాది, రెండేళ్ళు."

రెండేళ్ళు! ఆవిడకేం, చెప్పడం తేలికే.

ఫిబ్రవరి 26

దొరికింది దొంగ! ఫోల్డరుకి తెలుగులో పేరు పెట్టడమే నేను చేసిన ఘనకార్యం. షార్ట్‌కట్ ఫైలుకి ఆ పేరు ఎక్కలేదు. తెరిచి చూస్తే "మా వారి బొమ్మలు" ఉండాల్సినచోట అన్నీ ప్రశ్నార్థకాలు. పేరు ఇంగ్లీషులోకి మార్చాను. మా వారికీ తెలుగు ఎక్కడంలేదు, నా కంప్యూటర్‌కీ ఎక్కడంలేదు. అలా అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, తరవాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 3, సోమవారం

అయిదు రోజులు నిలిచాయి. పొద్దున్న నేను చెరువు చుట్టూ నడిచి వచ్చేసరికి మళ్ళీ నీలం సుళ్ళు. ఈసారి వరస కూడా కలగాపులగం. మెయిల్ పైకొచ్చింది, హాజరు అట్టడుక్కి పోయింది. ఆయన పాపం వాటి ముందే కూర్చుని ఉన్నారు. కుడిచేతి వేలు మోకాలి మీద కదులుతోంది. "ఏమైందండీ?" అంటే ఉలిక్కిపడి, "పోయినట్టున్నాయి మధూ" అన్నారు.

గుర్తులన్నీ కంప్యూటర్ ఒకచోట మూటగట్టి దాచుకుంటుందట. ఆ మూట చెడిపోతే ఇలా అవుతుందట. ఇంటర్నెట్‌లో చదివి, దాన్ని తుడిచేసి, మళ్ళీ అయిదూ పెట్టి, వరసలో సర్దాను. గంటన్నర పట్టింది.

మార్చి 4

పోయాయి.

మార్చి 5

పోయాయి. వరస మళ్ళీ మారింది.

మార్చి 7, శుక్రవారం

నిన్న నేను ఇల్లు కదలలేదు, నిలిచాయి. ఇవాళ నడకకి వెళ్ళొచ్చాను, పోయాయి. నా మొహం చూస్తూ ఉంటేనే ఈ కంప్యూటర్‌కి భయం కాబోలు.

బ్రౌజర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సైటు గుర్తుని తెచ్చి రాసేస్తుందని ఇంకెవరో రాశారు. తనంతట తనే తెచ్చుకునే ఆ సింక్ తీసేశాను. ఇంక చచ్చినట్టు నిలుస్తాయి.

మార్చి 10

నిలవలేదు.

మార్చి 12, బుధవారం

సర్వేశ్ మళ్ళీ ఫోన్. హెచ్.ఆర్. ఆవిడ ఆయన్ని ఏదో ఒక పని తెరిచి, అందులో ఏముందో చెప్పమంటుందట. పరవాలేదు, ఇయర్‌ఫోన్ చెప్తుంది, ఆయన దాన్ని తిరిగి చెప్తారు. రోజూ సాధన చేయిస్తున్నాను. దండెం నొక్కండి. మొదటిది తెరవండి. వినండి. చెప్పండి.

ఇవాళ సగంలో ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశారు.

"వాళ్ళకి చెప్పేద్దాం మధూ."

"ఏమని?"

"చదవలేకపోతున్నానని."

"చెప్తే మర్నాడే పెట్టెలు దించుకోవాలి. మీరు ఊరుకోండి, నేను చూసుకుంటానన్నాను కదా" అని ఒంటికాలి మీద లేచాను. ఆయన ఇయర్‌ఫోన్ మళ్ళీ పెట్టుకున్నారు. మొదటి నుంచీ అంతే, చెప్తే వింటారు. అందుకే సంసారం ఇన్నాళ్ళు సాఫీగా సాగింది.

మార్చి 14

పోయాయి. నేను కూరలకి వెళ్ళింది ముప్పావుగంటే.

మార్చి 18, మంగళవారం

గుణవతక్క ఇవాళ గొప్ప ఉత్సాహంగా ఉంది. "తమ్ముడికి అచ్చరాలు గబగబా వత్తున్నాయమ్మా. పోయిన వారం కంటే ఈ వారం నయం. అయిదచ్చరాల మాట సదివినాడు" అంది. ఆయన తల వంచుకుని నవ్వుతున్నారు, బళ్ళో బహుమతి వచ్చిన పిల్లాడిలా. ఆ మాట నాకు కూడా చదివి వినిపించమన్నాను. అక్క "లీవ్" అన్న మాట ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. ఆయన మొదటి అక్షరం దిద్దారు. రెండోదానికి ఆగారు. వేలు అలా గాల్లో ఉంది. అంతసేపు చూస్తూ ఎవరు కూర్చోగలరు? "ఇ" అన్నాను. ఆయన చెయ్యి దించేసి, "ఇవాళ్టికి చాలక్కా" అన్నారు.

అయిదక్షరాలకి అయిదు నిమిషాలు. ఇరవయ్యొక్క రోజులుంది.

మార్చి 20, గురువారం

ఇంక ఊరుకోలేదు. తాళం వేశాను.

కంప్యూటర్‌లో నా పేరున ఇంకో అకౌంటు తెరిచాను. పెత్తనం దానికిచ్చాను, ఆయన అకౌంటుకి తీసేశాను. అయిదు షార్ట్‌కట్లూ, బొమ్మల ఫోల్డరూ నా పెత్తనం కిందకి తెచ్చి, మార్చకూడదు, చెరపకూడదు, తిరగరాయకూడదు అని పెట్టాను. తెరుచుకుని చూడటం వరకే. బ్రౌజరు గానీ, కంప్యూటర్ గానీ, ఎవరొచ్చినా వాటి జోలికి వెళ్ళలేరు.

మార్చి 21, శుక్రవారం

నిలిచాయి! నడకకి వెళ్ళొచ్చాను, కూరలకి వెళ్ళొచ్చాను, రెండుసార్లూ ఉన్నాయి. గంట, డబ్బా, దండెం, గ్లాసు, రైలు. ప్రాణం లేచొచ్చింది. సేమ్యా పాయసం చేశాను.

ఆయన రెండు చెంచాలు తిని పక్కన పెట్టారు. ఎండ మండిపోతోంది కదా, ఆకలుండదు.

మార్చి 22

బొమ్మలు ఉన్నాయి.

మార్చి 23

బొమ్మలు ఉన్నాయి. ఆయన తొమ్మిదింటిదాకా లేవలేదు.

మార్చి 24, సోమవారం

బొమ్మలు ఉన్నాయి. సాధనకి రమ్మంటే తలనొప్పి అన్నారు. కొత్త మాత్రల వల్లేమో, డాక్టరమ్మని అడగాలి.

మార్చి 25

బొమ్మలు ఉన్నాయి. గుణవతక్క వస్తే ఆయన గదిలోంచి బయటికి రాలేదు. అక్క కాసేపు తలుపు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్ళిపోయింది. వెళ్తూ నాకేసి అదోలా చూసింది. బొమ్మలు నిలిచాయని చెప్తే, "అలాగేటి" అని మాత్రం అంది.

మార్చి 26

బొమ్మలు ఉన్నాయి.

మార్చి 28, శుక్రవారం

ఏం చేశానో ఇవాళ తెలిసింది.

పొద్దున్న చెరువు దాకా వెళ్ళి, వాన వచ్చేలా ఉంటే సగంలో వెనక్కి వచ్చాను. తలుపు తీసేసరికి కీబోర్డు చప్పుడు. ఆయన కంప్యూటర్ ముందున్నారు. తెర మీద కోడ్ కొట్టే నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఉంది. ఆయన ఏదో కొడుతున్నారు, కొట్టి చూస్తున్నారు, మళ్ళీ అదే కొడుతున్నారు. వెనక నిలబడి చదివాను. ఒక లైను ఆయన కొట్టింది, దాని కింద కంప్యూటర్ జవాబు. మళ్ళీ ఆయన కొట్టిన అదే లైను, మళ్ళీ అదే జవాబు. తెర నిండా పైనుంచి కిందిదాకా ఒకటే మాట. అనుమతి లేదు. అనుమతి లేదు. అనుమతి లేదు.

ఆయనకి తెలియదు. అది ఏం జవాబిస్తోందో చదవలేరు కదా. ఏదో వస్తోందని తెలుస్తోంది, ఏమిటో తెలియడంలేదు. తను తప్పు కొడుతున్నాననుకుని మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు.

"ఏవండీ" అన్నాను.

వెనక్కి తిరిగారు. దొరికిపోయినవాడి మొహం కాదది, మునిగిపోతున్నవాడి మొహం. "మధూ, కోడ్ కూడా పోయింది" అన్నారు. "వారం నుంచీ చూస్తున్నా. నాలుగు లైన్లు. నిద్రలో లేపినా రాసేవాణ్ణి. చేతులకి గుర్తుందనుకున్నా. అదీ పోయింది. ఇంక నా దగ్గర ఏమీ లేదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ నాలుగు లైన్లు దాచుకున్న ఫైలు తీసి, అందులో ఏముందో ఆయన్నే అడిగి తెలుసుకున్నాను. ఆయనే రాసుకున్నారు, మార్చి రెండో తారీఖున. నా బొమ్మల షార్ట్‌కట్లు అయిదూ చెరిపేసి, నీలం సుడితో మళ్ళీ అయిదు పుట్టించడం, ప్రతిసారీ వేరే వరసలో. అంతే అందులో ఉన్నది. బొమ్మలుంటే బొమ్మని బట్టి తెలిసిపోతుంది. వరస మారకపోతే చోటుని బట్టి తెలిసిపోతుంది. రెండూ లేకుండా చేసుకుని, నేను లేని ఆ ముప్పావుగంటలో, కింద ఉన్న పేర్లు ఒక్కొక్క అక్షరం మోకాలి మీద దిద్దుకుంటూ చదువుకుంటున్నారు. నొక్కాక తెరుచుకున్న పేజీ రంగు చూసి తప్పో ఒప్పో తెలుసుకుంటున్నారు. ఇంచుమించు ఇరవై రోజులు అలా చదువుకున్నారు. "మెయిల్" వచ్చేసిందట. "లీవ్" వచ్చేసిందట. పెద్ద మాట "అటెండెన్స్" సగం దాకా వచ్చారట. గుణవతక్కకి తెలుసు. నాకు చెప్పొద్దని ఆయనే అన్నారట.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరవకూడదు, అరిచాను.

"నువ్వు అంత కష్టపడి వేశావు కదా" అన్నారు. ఆ తరవాత, "నువ్వుంటే చదవనివ్వవు మధూ. అందిస్తావు" అన్నారు.

నిజం. ఆయన వేలు ఆగితే చాలు నా నోరు లేస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ సబ్బు పెట్టె మీద పేరు దగ్గర నుంచి టీవీలో పేర్లదాకా నేనే చదివి పెడుతున్నాను. సాయం అనుకున్నాను. ఆయన చదవలేరని అందరికంటే గట్టిగా నమ్మింది నేనే.

కింద కూర్చుని ఆయన మోకాళ్ళు పట్టుకుని చెప్పాను. మీ కోడ్ తప్పు లేదండీ, అక్షరం కూడా తప్పు లేదు, నేను తాళం వేశాను, అందుకని అది వద్దంటోంది. రెండుసార్లు చెప్పించుకున్నారు. "అయితే నేను సరిగ్గానే రాశానా?" అన్నారు. సరిగ్గానే రాశారు అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఏడ్చారు. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

నా మీద నాకు అసహ్యంగా ఉంది. వారం రోజులు ఆయన తనకి ఏమీ మిగల్లేదనుకుని పడుకుంటే, నేను పాయసం వండాను.

మార్చి 31, సోమవారం

రాయ పండగ, ఇక్కడి రంజాన్. వీధిలో ఒక్క కారు లేదు. తాళం తీసేశాను. బొమ్మలన్నీ ఆయన చేతే తీయించాను. ఆయన ఒకటే మీట నొక్కారు, అయిదూ పోయాయి. తన కోడ్ పనిచేసిందని ఎంత సంబరమో.

ఇప్పుడు ఒప్పందం ఏమిటంటే, ఆయన చదువుతున్నంతసేపూ నేను గదిలో ఉండొచ్చు, నోరు మెదపకూడదు. కూర్చున్నాను. ఒక్క మాటకి ఆరు నిమిషాలు. పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇంత కష్టమైన పని నేను జన్మలో చెయ్యలేదు.

ఏప్రిల్ 4

"టాస్క్స్" వచ్చింది. గుణవతక్క కోసం మినపసున్ని చేశాను. తింటూ, "సూసినావా, నువ్వు ఊరుకుంటే ఆయన సదువుతాడు" అంది. చీవాట్లు పెట్టొచ్చు, పెట్టలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎల్లుండే. ఉన్నది చెప్పేద్దామని ఇద్దరం అనుకున్నాం. భయం పోలేదు. ఇదివరకు ఆయన కోసం భయపడుతున్నాననుకునేదాన్ని. సగం నా కోసమే.

ఏప్రిల్ 8, మంగళవారం

పదింటికి కాల్. హెచ్.ఆర్. ఆవిడ, పక్కన సర్వేశ్. నేను తెరకి కనబడకుండా గోడ పక్కన స్టూలు మీద.

ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. మొదటి మాటగానే చెప్పేశారు. నాకు చదవడం పోయింది, రాయడం పోలేదు, మళ్ళీ నేర్చుకుంటున్నాను, టైం పడుతుంది. సర్వేశ్ మొహం పాలిపోయింది. ఆవిడ మర్యాదగానే, "హాజరు పేజీ తెరిచి చూపించగలరా?" అంది. తెర మీద అయిదు నీలం సుళ్ళు. ఆయన వేలు మోకాలి మీదకి వెళ్ళింది. నేను గోడకేసి తిరిగి కూర్చున్నాను.

నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఆవిడ మధ్యలో గడియారం చూసుకుందని తరవాత ఆయనే చెప్పారు. "అటెండెన్స్" అని పైకి చదివి, నొక్కారు. అదే తెరుచుకుంది.

సాయంత్రం సర్వేశ్ నాకు విడిగా ఫోన్ చేశాడు. "అక్కా, నాకు ముందే సెప్పాలి కదా" అన్నాడు. "నాను ట్రై సేస్తాను. ప్రామిస్ సెయ్యలేను."

ఆయన మాత్రం పడుకునేదాకా హుషారుగానే ఉన్నారు.

ఏప్రిల్ 14, సోమవారం

కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆయన ప్రింటు తీయమన్నారు, పెద్ద అక్షరాలతో. తీస్తుంటే నా కళ్ళు పడ్డాయి. కన్ను పడితే చదివేస్తుంది, ఆపలేం. పడనివ్వకుండా ఉండాల్సింది.

"చెప్పకు మధూ. నేనే చదువుతాను" అన్నారు.

సరే అన్నాను.

మొదటి పేరా అంతా మెచ్చుకోలే. ఆయన రోజుకి పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట చదవగలరు, అంతకు మించితే తలనొప్పి. ఇవాళ "డియర్ వేణుమాధవ్" అయింది. తరవాత "ట్వెల్వ్ ఇయర్స్" అయింది. "పన్నెండేళ్ళని గుర్తుపెట్టుకున్నారే" అని మురిసిపోయారు.

వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఏప్రిల్ 15, మంగళవారం

"వాల్యూడ్" అనే మాటకి ఏడు నిమిషాలు. నావైపు తిరిగి, "విలువైన అంటున్నారు మధూ" అన్నారు. అవునండీ అన్నాను. సామాన్లు సర్దడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఇల్లుగలాయనకి ఎప్పుడు చెప్పాలో మనసులో తిరుగుతోంది. పెట్టెలు దించితే ఆయనకి తెలిసిపోతుంది. దించలేదు.

చెప్పేద్దామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే, చదువుతున్నది కూడా ఆపేస్తారేమో.

ఏప్రిల్ 16, బుధవారం

రెండో పేరా మొదలయింది. పొద్దున్న "ఆఫ్టర్ కేర్‌ఫుల్" వరకు వచ్చి ఆగారు. సాయంత్రం వాన. దీపం వేసి, కాగితం ఎడమ పక్కకి జరిపి ఇచ్చాను. పక్కనే కూర్చున్నాను.

ఒక్కొక్కటే దిద్దుతున్నారు. ఆర్. ఇ. జి. మళ్ళీ ఆర్. తప్పనుకుని వెనక్కి వెళ్ళి మొదటి నుంచి మొదలుపెట్టారు. నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. ఇ. టి. పెదవులతో కలుపుకున్నారు, ఒకసారి, రెండుసార్లు.

"రిగ్రెట్!" అన్నారు గట్టిగా, గెలిచినవాడిలా, నావైపు తిరిగి. నవ్వు మొహం నిండా ఉంది. ఆ మాటకి అర్థం ఆయన్ని చేరడానికి ఇంకొంచెం టైం పట్టింది. చేరింది. చూశాను.

కాగితం బల్ల మీద పెట్టారు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"సోమవారం."

"మూడు రోజులు చెప్పకుండా ఉన్నావా? నువ్వు?"

తల ఊపాను. ఇంక ఆపుకోలేక ఏడ్చేశాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, నా ఏడుపు అయ్యేదాకా అలాగే ఉంచారు. తరవాత ఇంకా ఎన్ని లైన్లున్నాయని అడిగారు. తొమ్మిది అన్నాను. నేను చదివి పెట్టనా అని అడిగాను. వద్దన్నారు. చెయ్యి తీసి, పక్క మాట మొదటి అక్షరం మోకాలి మీద దిద్దడం మొదలుపెట్టారు.